పోలయ్య ఆ రోజు తాగి లేడు

మా ఇళ్ళలో ఈ కథ రానివాళ్ళు లేరు. మా ప్రసాద్ బావ పెళ్ళికొడుకు వేషంలో గుర్రం ఎక్కాడు. గుర్రాన్ని నడిపించేవాడు పూటుగా తాగి ఉన్నాడు. టపాకాయలు పేలేసరికి గుర్రానికి పిచ్చెత్తింది. బావ కిందపడి మెడ పక్క ఎముక విరగ్గొట్టుకున్నాడు. అయినా సరే, తెల్లవారుజామున ముహూర్తం తప్పనివ్వకుండా ఒంటిచేత్తో మా అక్క మెళ్ళో తాళి కట్టాడు. మూడో ముడి దగ్గర ఆడపడుచు చెయ్యి అందించిందన్న చోట అందరూ నవ్వాలి. పాతికేళ్ళుగా నవ్వుతున్నారు. కొత్తగా వచ్చిన అల్లుళ్ళకీ కోడళ్ళకీ మొదట వినిపించే కథ ఇదే. నవ్వు సద్దుమణగక ముందే ఆపేస్తారు, ఎందుకంటే ఆ తర్వాతి వాక్యంలో ఒక మనిషి చచ్చిపోతాడు.

గుర్రం నిజం, ఎముక నిజం, ఒంటిచెయ్యి నిజం. మిగతాది అబద్ధం. పోలయ్య తాగి లేడు. గుర్రానికి పిచ్చెత్తలేదు, దానికి పరిగెత్తమని చెప్పారు, అది పరిగెత్తింది. ఇలా అంటే మావాళ్ళు దీనికి ప్రతిదానికీ వాదనే అంటారు. అవును, వాదనే. వాదించాల్సిన ఒక్క రోజున నోరు మూసుకున్నదాన్ని, ఆ బాకీకి మిగతా రోజులన్నీ వాదిస్తున్నాననుకోండి.

మొన్నామధ్య మధురవాడలో అక్క వాళ్ళ ఫ్లాట్‌కి వెళితే, దాని కూతురు పాత పెళ్ళి క్యాసెట్‌ని ఎక్కడో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చి టీవీలో పెట్టింది. అశుభమని మా అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, దాన్ని బీరువా అడుగున పడేసింది, ఆవిడ పోయాక గానీ బయటికి రాలేదు. నేను చూడ్డం అదే మొదటిసారి. చూశాక వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎందుకో చివర్న చెబుతాను. ముందు పోలయ్య ఎవరో తెలియాలి. మా కథలో అతనికి పేరు కూడా లేదు.

మేం అప్పట్లో పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్నది గోదావరి లంకల్లో కొబ్బరితోటల ఊరు, అమ్మది కృష్ణా జిల్లా. ఇద్దరికీ నల్లదుమ్ము అలవాటు లేదు. పోర్టులో బొగ్గూ ఖనిజం దించే రోజుల్లో గాలి మా వైపు తిరిగిందంటే కిటికీ చెక్కల మీద నల్లటి పొర పడేది. అమ్మ రోజుకి మూడుసార్లు తడిగుడ్డతో తుడిచేది. పొద్దున్న కాఫీ తర్వాత, నాన్న డ్యూటీకి వెళ్ళాక, దీపం పెట్టే ముందు. ఆరేసిన తెల్ల లుంగీలు సాయంత్రానికి బూడిదరంగులోకి దిగేవి. పప్పు తాలింపు వాసనలో కూడా ఏదో ఇనుము వాసన కలిసేది. ఆవకాయ జాడీకి రెండు గుడ్డల వాసెన కట్టేది అమ్మ, వాళ్ళ ఊళ్ళో ఒక్కటే కడతారని ప్రతి వేసవిలోనూ చెప్పుకుంటూ. నాకు ఉబ్బసం. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, వస్తుందేమోనన్న భయంతో ఊపిరి బిగబట్టుకుని తిరగడం అలవాటైపోయింది. మెట్లెక్కుతూ బిగబట్టేదాన్ని, బస్సెక్కుతూ బిగబట్టేదాన్ని, మాట్లాడుతూ మాట్లాడుతూ బిగబట్టేదాన్ని. డాక్టరు సముద్రపు గాలి మంచిదన్నాడు. కాలేజీ రోజుల్లో పొద్దున్నే నాన్న నన్ను బీచికి తీసుకెళ్ళి, తను సిమెంటు బెంచీ మీద కూర్చుని, పేపరుని నిలువుగా నాలుగు మడతలు పెట్టి పెదాలు కదుపుతూ చదువుకునేవాడు.

అక్కడే పోలయ్య గుర్రం ఉండేది. నుదుట తెల్ల మచ్చ ఉన్న ఆడగుర్రం, పేరు చుక్క. సాయంత్రాలు పిల్లల్ని ఎక్కించుకుని బీచి వెంట ఆ చివరికీ ఈ చివరికీ తిప్పడం అతని పని. పొద్దుటి పూట గుర్రాన్ని కడగడం, కాళ్ళు తోమడం. పోలయ్య జాలరి. చిన్నప్పటి నుంచీ తెప్ప మీద వేటకెళ్ళినవాడు, తమ్ముణ్ణి సముద్రం తీసుకున్నాక మళ్ళీ తెప్ప ఎక్కనని, ఎవరో ముసలాయన వదిలేసిన గుర్రాన్ని పట్టుకున్నాడు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేది. వాళ్ళావిడ నూకాలు హార్బరు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని మా క్వార్టర్స్ దాకా వచ్చేది. వాళ్ళ రేషను కార్డు అర్జీలు నేను రాసిపెట్టాను, పోలయ్య నన్ను గుర్రం ఎక్కించాడు. నాన్న బెంచీ మీంచి ఒకసారి తలెత్తి చూసి, అదీ వ్యాయామమే అనుకున్నట్టున్నాడు, మళ్ళీ పేపరులోకి దిగిపోయాడు.

ఎక్కించాడన్నాను గానీ, నెల రోజులు ఎక్కించలేదు. ఒడ్డున నీళ్ళలో ఊగుతున్న తెప్ప మీద నిలబెట్టాడు. పడ్డాను, లేచాను, తిట్టాను. గుర్రం నేర్పమంటే దుంగ మీద నిలబెడతావేంటని అడిగితే నవ్వి, దుంగ తన్నదు, గుర్రం తంతాదన్నాడు. అల కిందికి వచ్చినప్పుడు మోకాళ్ళు వదులు చేసి ఊపిరి వదలాలి. అదొక్కటే పాఠం. నేను సరిగ్గా దాన్ని తిరగేసి, అల రాగానే బిర్రబిగుసుకుపోయేదాన్ని. గుర్రం ఎక్కాక కూడా అంతే. చుక్క చెవులు వెనక్కి పెట్టేది, అడుగులు పొట్టిపొట్టిగా వేసేది. అప్పుడన్నాడు పోలయ్య: "పాపా, ఊపిరి బిగబట్టేత్తన్నావు. నువ్వు బిగబడితే అదీ బిగబడతాది. ఏటో ఉందనుకుంటాది ముందర. ఒగ్గీ." ఒగ్గీ అంటే వదిలెయ్యి. ఆ మాట రోజుకి యాభైసార్లు అనేవాడు. ఊపిరి ఒగ్గీ, భుజాలు ఒగ్గీ, దవడ ఒగ్గీ. దవడకీ గుర్రానికీ సంబంధమేంటని నేను వాదించాను. పళ్ళు బిగించి ఒకసారీ, వదిలేసి ఒకసారీ తిప్పి చూపించాడు. సంబంధం ఉంది.

నా ఒంటి గురించి నాకు తెలియని సంగతులు అతనికి తడి ఇసకలో కనిపించేవి. ఒక రౌండు తిరిగి రాగానే కిందికి దింపి గిట్టల జాడలు చూపించేవాడు. తిన్నగా తోలాననుకున్న దారి ఎడమకి వంకర తిరిగి ఉండేది. పుస్తకాల సంచి ఎప్పుడూ ఎడమ భుజానికే వేసుకుంటావు కదా అన్నాడు; నిజమే, అటే వాలి కూర్చునేదాన్ని, చుక్క పాపం నా బరువు కిందికి తను వచ్చి సర్దుకునేది. కూర్చునే చోట రెండు ఎముకలుంటాయి, రెంటికీ సమానంగా బరువియ్యి అనేవాడు. ఇంట్లో పీట మీద కూర్చుని అన్నం తింటూ ఆ రెండు ఎముకల కోసం వెతుక్కునేదాన్ని. అటూ ఇటూ కదులుతుంటే, ఏం పురుగు కుట్టిందే అని అమ్మ కసిరేది. నడుం సంగతి మాత్రం నూకాలు నేర్పింది. ఒక పొద్దున్న మా గుమ్మంలో ఖాళీ గంప నా నెత్తిన పెట్టి నడవమంది. మెడ బిగించుకుని నాలుగడుగులు వేశానో లేదో గంప జారింది. "మెడతో మొయ్యకమ్మా, నడుంతో మొయ్యి. మెడ ఉన్నది అటూ ఇటూ సూడ్డానికి," అంది. ఆమె గంపతో నడుస్తూనే వెనక్కి తిరిగి మనుషుల్ని తిట్టగలదు.

ఒక సంవత్సరం పట్టింది. ఏడాది చివర్న కళ్ళు మూసుకుని, రికాబుల్లో కాళ్ళు పెట్టకుండా, చేతులు తొడల మీద పెట్టుకుని, చుక్క ఏ కాలు ఎప్పుడు వేస్తోందో చెప్పగలిగేదాన్ని. ఊపిరి పొడుగ్గా వదిలితే అది నెమ్మదించేది, మోకాళ్ళు బిగిస్తే ఉరికేది. పిల్లల్ని తిప్పేటప్పుడు పోలయ్య కాస్త పరుగు కావాలంటే వాళ్ళ మోకాళ్ళు పైనుంచి నొక్కేవాడు, అలా అలవాటు చేశాడు దానికి. ఉబ్బసం పోలేదు, ఇప్పటికీ నా సంచిలో మందు ఉంటుంది. భయం పోయింది. రెండింటికీ తేడా తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి, తర్వాతదంతా వాటి మీదే ఉంది. ఒకటి, దూరం నడిచి వచ్చాక పోలయ్య చుక్క కాళ్ళకి నాటుసారా పట్టించి మర్దనా చేసేవాడు. నొప్పులు లాగేస్తుందట. చేతులూ లుంగీ అంతా సారా కంపు కొట్టేవి. గుర్రం పని ఉన్న రోజున తను మాత్రం ఒక్క బొట్టు కూడా నోట్లో పోసుకునేవాడు కాదు, మనిషి తాగితే గుర్రానికి వాడి అడుగు తెలియదనేవాడు. రెండోది, గుర్రం తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదని నాకు మొదటి రోజే చెప్పాడు. మడిచి గుప్పిట్లో పట్టుకోవాలి, లాగితే జారిపోవాలి. వలతాడు చేతికి చుట్టుకోవడం జాలర్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. తాడు జారితే వల పోతుంది, వల పోతే ఇల్లు పోతుంది. ఆ అలవాటే తన వేలు తీసుకుందని సగం వేలు చూపించాడు.

ఇంతలో అక్కకి ప్రసాద్ బావతో పెళ్ళి కుదిరింది. మేనమామ కొడుకే. మావయ్య వాళ్ళది గోపాలపట్నం, బావ ఉద్యోగం స్టీల్ ప్లాంటులో. అక్కడ దేశంలో ఉన్న అన్ని రాష్ట్రాలవాళ్ళూ పనిచేసేవాళ్ళు. ఎవరో స్నేహితుడు గుర్రమెక్కి ఊరేగిన పెళ్ళి చూసొచ్చి, ఎదురుకోలుకి తనూ గుర్రం మీదే రావాలని పట్టుబట్టాడు బావ. మనలో గుర్రాలెక్కడివిరా అని అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న కారు మాట్లాడదామన్నాడు. గుర్రం నేను తెస్తాను, కూర్చోవడం నేను నేర్పుతానన్నది నేను. ఎవరూ అడగలేదు నన్ను. నాకు వచ్చిన విద్య మా ఇంట్లో ఒక్కరికీ తెలియదని కడుపులో మంట, అంతకంటే ఏం లేదు.

వారం రోజులు రమ్మంటే బావ రెండు పొద్దులు వచ్చాడు. మొదటి రోజు పోలయ్య తెప్ప ఎక్కమన్నాడు. బావ ప్యాంటు మడుచుకుని ఎక్కి వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు నవ్వారు. "నేను గుర్రం ఎక్కడానికొచ్చానా, చేపలు పట్టడానికొచ్చానా," అన్నాడు బావ. నీకు కుర్చీలో కూర్చోవడమే సరిగ్గా రాదు, కారెక్కి రా పో అన్నాను నేను. నా నోరు అప్పుడూ ఇంతే. ఆ మాట అనకపోతే కారే ఎక్కేవాడని ఇప్పటికీ అనుకుంటాను. రెండో రోజు పోలయ్య పక్కకెళ్ళి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బావ మొహం మాడ్చుకుని, ఊపిర్లూ గీపిర్లూ వద్దు, పడకుండా ఉండటానికి ఒక్క ముక్క చెప్పు అన్నాడు. నాకూ విసుగేసింది. మోకాళ్ళు బిగించు, నడుం నిటారుగా పెట్టు, ఫోటోలో బాగుంటావు అన్నాను.

ఏడాది పాటు నేర్చుకున్నదంతా ఆ ఒక్క ముక్కలో తలకిందులు చేసి అతని చేతిలో పెట్టాను. చుక్క నడకలో ఉన్నంతసేపూ పర్వాలేదని నాకు నేను చెప్పుకున్నాను.

పెళ్ళి రోజు పోలయ్య పొద్దున్నే బీచి నుంచి గోపాలపట్నం దాకా హైవే వెంట చుక్కని నడిపించుకొచ్చాడు. మధ్యాహ్నం కల్యాణమండపం వెనక దాని కాళ్ళకి సారా మర్దనా చేస్తుంటే నేను చూశాను. మా మావయ్య ముక్కు మూసుకుని అవతలికి పోవడమూ చూశాను. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే బావ ఎక్కాడు. తలపాగా, దండలు, ముందు బ్యాండు. నేను పన్నీరు బుడ్డీ పట్టుకుని హడావిడిగా పోతుంటే పోలయ్య పిలిచాడు.

"పాపా, బాబుగారికి ఊపిరి ఒదల్డం నేర్పినావా?"

"ఆ, నేర్పాను పోలయ్యా. పద, పద, టైమైపోతోంది."

అంతే. పది అడుగులు పోయాక బావ స్నేహితులు టపాకాయల దండ అంటించారు. టపాకాయలు వద్దని మాట అనుకున్నాం, అయినా అంటించారు. చుక్క పక్కకి గెంతింది. గెంతడం గుర్రం నైజం. ఆ క్షణాన పైనున్న మనిషి ఒక్క ఊపిరి వదిలి ఉంటే పోలయ్య మాటకి అది ఆగేది, వంద లారీ హారన్ల మధ్య అలా ఆగడం నేను చూశాను. బావ నేను చెప్పినట్టే చేశాడు. బలమంతా పెట్టి మోకాళ్ళు బిగించాడు. చుక్కకి తెలిసిన భాషలో దానికొకటే అర్థం. బావ కాస్త దూరంలోనే పడిపోయాడు. పోలయ్య మాత్రం తాడు వదల్లేదు. అలా లాక్కుపోతూనే ఉంది, హైవే పక్క కంకర గుట్ట దాకా. మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు.

ప్రమాదం జరిగిన రాత్రే పోలీసు స్టేషన్ నుంచి వచ్చినాయన అడిగితే, వాడు తాగి ఉన్నాడండీ, మధ్యాహ్నం నుంచే కంపు కొడుతున్నాడని మావయ్య చెప్పాడు. మావయ్య అబద్ధమాడాడని కూడా అనలేను, అతనికి వచ్చిన కంపు నిజం. అది గుర్రం కాళ్ళ కంపని తెలిసినదాన్ని ఆ పందిట్లో నేనొక్కదాన్నే. గుర్రాన్ని మాట్లాడింది నువ్వటగా, వాడు తాగుతాడా అని ఆయన నావైపు తిరిగాడు. అమ్మ వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది. లోపల అక్క పెళ్ళికూతురు చీరలో ఉంది. నాకు తెలియదండీ అన్నాను. ఆ మాట అనేటప్పుడు నేను ఊపిరి బిగబట్టానని నాకు బాగా గుర్తు, ఏడాది తర్వాత మొదటిసారి. నాన్న అంతా విన్నాడు. పేపరు లేకపోయినా పెదాలు కదిపాడు.

పదకొండు రోజుల తర్వాత నూకాలు మా గుమ్మంలోకి వచ్చింది, గంప లేకుండా. కూర్చోమన్నా కూర్చోలేదు. "గుర్రం పనున్న దినం మా ఇంటాయన తాగడని నీకు తెలుసుగదమ్మా. అందరూ తాగుబోతు సచ్చాడంతన్నారు. మాకేటీ ఒద్దు. ఆ ఒక్క ముక్కా నువ్వు సెప్పు." చెబుతానన్నాను. లోపల అమ్మ కిటికీ చెక్క తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది. నేను చెప్పలేదు. చెబితే ఊపిరి సంగతి వస్తుంది, ఊపిరి సంగతి వస్తే నా సంగతి వస్తుంది. నూకాలు మళ్ళీ మా వీధికి రాలేదు. చుక్కని ఎవరో అనకాపల్లి వైపు తోలుకుపోయారని విన్నాను. నేను మరి గుర్రం ఎక్కలేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వారానికి మూడు రోజులు ఒక అమ్మాయి వచ్చి మమ్మల్ని పెద్ద రబ్బరు బంతుల మీద కూర్చోబెడుతుంది. బరువు రెండు వైపులా సమానంగా ఉందా, దవడ వదులుగా ఉందా, ఊపిరి పొడుగ్గా వదలండి, మీ శరీరాన్ని గమనించండి అంటుంది. పక్కావిడలు ఎంత కొత్త సంగతో అని మురిసిపోతారు. నేను ఆ బంతి మీద కూర్చుని ఒగ్గీ అనే మాట వింటాను. బీచిలో గుర్రాలకి ఇప్పుడు రంగు లైట్లు కడుతున్నారు. జనం ఎక్కి ఫోనులో ఫోటో దిగి దిగిపోతారు. ఒక్కడూ కూర్చోడు, అందరూ అతుక్కుంటారు, మోకాళ్ళతో. నాకు చూడబుద్ధి కాదు. అప్పుడు అంతా బాగుండేదని నేననను. అప్పుడు మేం బాగాలేం.

ఆ వీడియో సంగతి. బ్యాండు వెనక నుంచి తీసిన ముక్కలో పోలయ్య పక్కకి తిరిగి పెదాలు కదుపుతాడు. పన్నీరు బుడ్డీతో ఒక చెయ్యి కనబడుతుంది, అది నాది. తల ఊపడం కూడా సగం కనబడుతుంది. పోలయ్య నన్ను చూస్తాడు, తర్వాత పైకి బావ మోకాళ్ళ వైపు చూస్తాడు, తర్వాత కిందికి చూసుకుని గుప్పిట్లో మడిచి ఉన్న తాడుని చేతికి చుట్టుకుంటాడు. రెండు చుట్లు. తొందరేం లేదు అందులో. టపాకాయలకి ముందే. అక్క ఇంట్లో అందరూ ఒంటిచేతి తాళి కోసం ఎదురుచూస్తుంటే, రిమోటు లాక్కుని దాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. తర్వాత ఉన్నదంతా చెప్పాను, సారా దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా. "ఇప్పుడెందుకులేమ్మా ఇవన్నీ," అన్నాడు బావ, విరిగిన చోట భుజం తడుముకుంటూ. అక్క టీవీ కట్టేసి టీ పెట్టడానికి వెళ్ళింది.

మర్నాడు జాలరిపేటకి వెళ్ళాను. నూకాలు బతికే ఉంది. కోడలు ఎండుచేపలు తిరగేస్తుంటే పక్కన నులకమంచం మీద కూర్చుని ఉంది, నడుం ఇప్పటికీ నిటారుగానే. పేరు చెబితే గుర్తుపట్టింది. పోలయ్య ఆ రోజు తాగి లేడని చెప్పాను. నన్ను చూసి అంది: "అది నాకెందుకు సెప్తావమ్మా. నాకు తెలుసు. నాను ఊరికి సెప్పమన్నాను." అందుకే ఇది రాస్తున్నాను, ఊరు చదివినా చదవకపోయినా. రెండు చుట్ల సంగతి మాత్రం ఆమెనడగడానికి నాకు నోరు రాలేదు, ఇంతింత వాదించే నోరు.

తాడు చుట్టుకోవద్దని నాకు సగం వేలు చూపించి చెప్పిన మనిషి తనే ఎందుకు చుట్టుకున్నాడు? జనం మీదికొస్తుంటే చేతులు పాత అలవాటుకి పోయాయా? లేక గుర్రం కింద గిట్టల జాడ చదివినట్టే నా మొహం చదివి, నేర్పలేదని తెలుసుకుని, ఇక ఆపాల్సింది తనొక్కడేనని చుట్టుకున్నాడా? పోలయ్యా, నువ్వు నన్ను నమ్మావా, లేదా?